పిల్లి ఊపిరి

పల్నాటి సీమలో వేసవి యెట్టిదో ఆ సీమవారికి వేరుగ చెప్ప నక్కరలేదు. రెంటచింతల యెండలు రాష్ట్రమంతటను పేరుపడినవి. పిడుగురాళ్లకు చేరువనున్న మాచవరమునను వైశాఖమాసపు మధ్యాహ్నమున వీధులు నిర్మానుష్యము లగును. పొలము పనులు ప్రొద్దెక్కక మునుపే ముగియును. కుక్కలు అరుగుల నీడన నాలుకలు వ్రేలవేసికొని రొప్పుచుండును. అట్టి వేళ ఏదేని యింటి వసారాలోనికి తొంగిచూచినచో, చల్లని నాపరాతి మీద ప్రక్కకు వాలి, నాలుగు కాళ్లును చాచి, ఒక పిల్లి నిద్రించుచుండుట కనబడును. దాని నోరు మూసికొనియే యుండును. డొక్క మాత్రము మెల్లగ లేచుచు, మెల్లగ పడుచుండును. ఆ లేచుట, పడుట యను రెంటిలోనే ఆ జంతువుయొక్క ఆరోగ్యవృత్తాంతము చాలవరకు ఇమిడియున్నది.

పల్నాడనగానే నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు, వారి కోడిపోరు జ్ఞప్తికి వచ్చును. కోడిపుంజునకు వీరగాథలో చోటు దక్కినది కాని, పిల్లికి దక్కినవి సామెతలు మాత్రమే. అందును మంచిమాట అరుదు. పిల్లి శాపములకు ఉట్లు తెగవనియు, పిల్లికి బిచ్చము పెట్టనివాడనియు, ఎదురుగ పిల్లి వచ్చినచో పని చెడుననియు అందురు. ధాన్యపు కొట్టులో ఎలుకలను పట్టి రైతునకు మేలుచేయు ప్రాణికి ఇది న్యాయమైన ప్రతిఫలము కాదు.

పిల్లికి ఒక గుణము కలదు. అది తన బాధను బయట పెట్టదు. కుక్క మూలుగును, ఆవు మేత మానును, గొఱ్ఱె మంద వెనుక పడును. పిల్లి మాత్రము మంచము క్రిందనో, గడ్డివాములోనో ఒదిగి ఊరకుండును. ఇంటిపిల్లి పశ్చిమాసియా ప్రాంతపు అడవిపిల్లి సంతతిదని 2007లో ప్రకటింపబడిన జన్యుపరిశోధన వలన స్థిరపడినది. ఆ అడవిపిల్లి చిన్న జంతువులను వేటాడునదియే కాక, తానును పెద్ద జంతువులకు ఆహారమగునది. బలహీనత కనబరచినచో బ్రదుకు దక్కదు. వేలయేండ్లుగ మనుష్యుల యిండ్లలో పాలు త్రాగినను పిల్లి ఆ అలవాటును విడువలేదు. అయినను అది దాచుకొనజాలని దొకటి యున్నది. అది ఊపిరి.

పిల్లి ముక్కుతో పీల్చిన గాలి ముక్కులోని తడిపొర మీదుగ పోవునప్పుడు వెచ్చనై, తేమగూడి, దుమ్మును అచ్చటనే విడిచి, గొంతులోని స్వరపేటికను దాటి వాయునాళమున ప్రవేశించును. ఈ నాళము ముడుచుకొని పోకుండ మెత్తని యెముకతో చేయబడిన అరవలయములు దానిని నిలబెట్టుచుండును. రొమ్ములో వాయునాళము రెండు పాయలై, పాయలు కొమ్మలై, కొమ్మలు రెమ్మలై, కడపట కంటికి కనబడని వాయుకోశములలో అంతమగును. కుడి ఊపిరితిత్తి నాలుగు తమ్మెలుగను, ఎడమది రెండు తమ్మెలుగను విభజింపబడియుండును. వాటిని కాపాడుటకు మనకు పండ్రెండు జతల ప్రక్కటెముకలుండగా పిల్లికి పదమూడు జతలున్నవి.

ఊపిరితిత్తులకు తమంతట తాము కదలు శక్తి లేదు. వాటిని కదలించునది రొమ్మునకును కడుపునకును నడుమ తెరవలె నున్న ఉదరవితానము. ఇది గొడుగువలె పైకి ఉబ్బియుండును. ఇది బిగిసి చదునైనప్పుడు రొమ్ములోని చోటు పెరుగును. ప్రక్కటెముకలును వెలుపలికి జరుగును. గాలి లోనికి వచ్చును. ఇది సడలినప్పుడు, సాగిన రబ్బరు వెనుకకు పోవునట్లు, ఊపిరితిత్తులు తామే ముడుచుకొని గాలిని వెలుపలికి నెట్టును. కాబట్టి ఆరోగ్యముగనున్న పిల్లికి గాలి పీల్చుట పని, విడుచుట విశ్రాంతి. గాలి విడుచునప్పుడు కూడ పిల్లి కడుపు కండరములను బిగించి నెట్టుచున్నదన్నచో, విశ్రాంతి కూడ పనిగ మారినదన్నమాట. ఈ యొక్క సంగతి తెలిసినవాడు లెక్కపెట్టకయే సగము రోగమును గుర్తింపగలడు.

వాయుకోశముల చుట్టును సన్నని రక్తనాళములు అల్లుకొనియుండును. అచ్చట రక్తము ఆమ్లజనిని గ్రహించి, బొగ్గుపులుసు వాయువును విడుచును. ఊపిరి ఎంత వడిగ సాగవలెనో నిర్ణయించునది మెదడు అడుగుభాగమున నున్న మజ్జాముఖము. అది ముఖ్యముగ రక్తములోని బొగ్గుపులుసు వాయువును కనిపెట్టుచుండును. మనుష్యుని విషయమున ఈ సంగతిని 1905లో జాన్ స్కాట్ హాల్డేన్, జె. జి. ప్రీస్ట్లీ అను శాస్త్రజ్ఞులు నిరూపించిరి. ఆ హాల్డేన్ కుమారుడగు జె. బి. ఎస్. హాల్డేన్ 1957లో మన దేశమునకు వచ్చి, ఇచ్చటి పౌరసత్వము స్వీకరించి, 1964లో భువనేశ్వరమున కాలధర్మము నొందెను.

ఇప్పుడు లెక్కకు వత్తము. పెరిగిన మనిషి ఊరక కూర్చున్నప్పుడు నిమిషమునకు 12 మొదలు 20 పర్యాయములు ఊపిరి తీయును. పిల్లి శరీరము చిన్నది. చిన్న శరీరము తన వేడిని త్వరగ పోగొట్టుకొనును. కాబట్టి లోపలి పొయ్యి వడిగ మండవలెను. విశ్రాంతిగ నున్న పిల్లి నిమిషమునకు 16 మొదలు 30 పర్యాయములు ఊపిరి తీయును. గాఢనిద్రలో నున్న ఆరోగ్యవంతమగు పిల్లికి ఈ సంఖ్య సాధారణముగ 30 దాటదు. పెక్కింటికి 20కి అటునిటుగ నుండును. పిల్లికూనలు ఇంతకంటె వడిగ ఊపిరి తీయును.

లెక్కించు పద్ధతి మిక్కిలి సులభము. కావలసినవి సెకనుల ముల్లుగల గడియారమును, కొంత ఓర్పును. పిల్లి నిద్రించుచుండగా దానిని తాకక, పేరుపెట్టి పిలువక, ఒక ప్రక్క నిలిచి డొక్కను చూడవలెను. ఒక లేచుటయు ఒక పడుటయు కలిసి ఒక ఊపిరి. మొదట నేర్చుకొనువారు ఈ రెంటిని రెండుగ లెక్కించి, ఆరోగ్యముగనున్న పిల్లికి నలువది వచ్చినదని బెంగపడుదురు. అరనిమిషము లెక్కించి రెట్టింపు చేయుట మేలు. పదునైదు సెకనులు లెక్కించి నాలుగింతలు చేయుటయు కలదు కాని, అందు ఒక్కటి తప్పినచో నాలుగు తప్పును. నిద్రలో పిల్లి మీసములు, పంజాలు అదరుచున్నచో అది కల గనుచున్నదని గ్రహింపవలెను. అప్పుడు ఊపిరి ఒడిదుడుకుగ నుండును, లెక్క పనికిరాదు. ఆడి వచ్చిన వెంటనేయు, కుక్కను చూచి బెదరినప్పుడును లెక్కింపరాదు.

పిల్లి గురగురలాడుచున్నప్పుడు కూడ లెక్క కుదరదు. ఈ గురగుర యొక వింత. మనము మాటాడునది గాలి విడుచునప్పుడు మాత్రమే. పిల్లి గురగుర గాలి పీల్చునప్పుడును విడుచునప్పుడును ఎడతెగక సాగును. స్వరపేటికలోని మడతలు సెకనునకు ఇంచుమించు ఇరువదియైదు, ముప్పది పర్యాయములు కంపించుట వలన ఈ ధ్వని పుట్టును. మెదడు ఆజ్ఞ వలన అచ్చటి కండరములు బిగియుచు సడలుచు నుండుటయే దీనికి కారణమని చాలకాలము చెప్పుచు వచ్చిరి. 2023లో ప్రకటింపబడిన పరిశోధనలో, శరీరమునుండి వేరుచేసిన స్వరపేటికలో గాలిని ఊదినను అట్టి ధ్వనియే పుట్టినది. కాబట్టి చర్చ తీరలేదు. గురగుర విని పిల్లి సుఖముగ నున్నదని తలచుట మాత్రము ఎల్లప్పుడును సరికాదు. నొప్పితో నున్న పిల్లియు, ప్రాణాపాయస్థితిలోనున్న పిల్లియు గురగురలాడుట కలదు.

కుక్కకును పిల్లికిని ఒక పెద్ద భేదము కలదు. కుక్క నోరు తెరచి రొప్పి తన వేడిని తగ్గించుకొనును. అది దానికి సహజము. పిల్లి ముక్కుతోనే ఊపిరి తీయు జంతువు. వేడి సోకినప్పుడు అది చల్లని నేలను వెదకికొనును. తన వెండ్రుకలను నాకి, ఆ తడి ఆరుటచే చల్లబడును. పాదముల అడుగున మాత్రము కొలదిగ చెమర్చును. కూనలు తీవ్రముగ ఆడిన పిదప ఒక నిమిషము రొప్పవచ్చును. కొన్నిసమయములలో పిల్లి ఏదేని వాసన చూచి, పై పెదవి ఎత్తి, నోరు కొంచెము తెరచి, వెఱ్ఱిచూపు చూచుచు నిలుచును. అది రొప్పుట కాదు. అంగిటిలోనున్న ప్రత్యేకమగు ఇంద్రియమునకు ఆ వాసనను చేర్చుట. ఇవి తప్ప, పెరిగిన పిల్లి కూర్చున్నచోటనే నోరు తెరచి ఊపిరి తీయుచున్నదన్నచో అది యెల్లప్పుడును ఆపదయే. రేకుల కప్పు గల గదిలో మూసివేయబడిన పిల్లి వడదెబ్బకు లోనై యిట్లు రొప్పవచ్చును. దానిని నీడకు చేర్చి, మామూలు చల్లని నీటితో వెండ్రుకలు తడిపి, విసరుచు, వైద్యుని యొద్దకు చేర్పవలెను. మంచునీళ్లు క్రుమ్మరింపరాదు.

నిద్రలో 30 దాటిన సంఖ్య ఏమి చెప్పును? ఒకమారు దాటినచో ఏమియు చెప్పదు. గంట తరువాత మరల లెక్కింపవలెను. మరల మరల 30 దాటుచున్నచో, అందును దినదినము పెరుగుచున్నచో, రొమ్ములో ఏదియో చెడినదని తెలిసికొనవలెను. పిల్లులకు గుండె కండరము దళసరియగు వ్యాధి తరచుగ వచ్చును. అట్టి గుండె రక్తమును సరిగ ముందుకు పంపజాలనప్పుడు, నీరు ఊపిరితిత్తుల లోపలికో, వాటి చుట్టునున్న చోటికో ఊరును. వాయుకోశములు తడిసిన మేరకు గాలి మార్పిడి తగ్గును. తగ్గినదానిని పూరించుటకు పిల్లి ఊపిరుల సంఖ్యను పెంచును. వ్యాపారమున ఒక్కొక్క బేరముపై లాభము తగ్గినప్పుడు బేరముల సంఖ్యను పెంచుకొనుట వంటిదియే యిది. గుండెజబ్బు ఉన్నను నీరు చేరనంతవరకు నిద్రలోని సంఖ్య ఆరోగ్యవంతమగు పిల్లి సంఖ్యవలెనే యుండుట గమనింపదగినది. అనగా 30 లోపు సంఖ్య గుండె బాగున్నదని హామీ యీయదు. 30 మీరిన సంఖ్య మాత్రము ముప్పు వచ్చినదని తెలుపును.

ఉబ్బసము మరియొకటి. మనుష్యులకువలెనే పిల్లులకును ఇది కలదు. శ్వాసమార్గములు సన్నబడి, పిల్లి నేలకు కరచుకొని, మెడ ముందుకు చాచి దగ్గును. గొంతులో వెండ్రుకలుండ చిక్కుకొన్నదని యింటివారు పొరబడుదురు. సున్నపుబట్టీల దుమ్మును, మిరపకాయల ఘాటును, కట్టెల పొగయు ఇట్టి పిల్లికి మిక్కిలి హానికరములు. పల్నాటి పల్లెలలో ఈ మూడింటికిని కొఱత లేదు.

ఊపిరితిత్తులు నిష్కళంకముగ నున్నను ఊపిరి పెరుగవచ్చును. రక్తము పలుచనైనప్పుడు అట్లగును. ఇందులకు మనుష్యుల చేతిదగు కారణమొకటి గట్టిగ చెప్పవలసియున్నది. జ్వరమునకు మనము వేసికొను పారాసెటమాల్ మాత్ర పిల్లికి విషము. మన కాలేయము ఆ మందును విరుచు విధమున పిల్లి కాలేయము విరువజాలదు. ఫలితముగ రక్తములోని ఎఱ్ఱకణములు ఆమ్లజనిని మోయుశక్తి కోల్పోవును, చిగుళ్లు మట్టిరంగునకు మారును, మొగము వాచును, ఊపిరి వడియగును. ఒక్క మాత్రయే పిల్లి ప్రాణము తీయుటకు చాలును. దయచేత చేసిన వైద్యమే యిట్లు చంపుట మిక్కిలి విచారకరము. ఉల్లిపాయ తిన్నను పిల్లి ఎఱ్ఱకణములు చెడును. ప్రత్తి, మిరప చేలలో చల్లు పురుగుమందులలో కొన్ని వెండ్రుకలకు అంటినచో, పిల్లి వాటిని నాకి లోనికి తీసికొనును. అప్పుడు చొల్లు కారును, కంటిపాపలు చిన్నవగును, కండరములు అదరును, ఊపిరితిత్తులు స్రవించు నీటితో నిండును. దీనికి విరుగుడు వైద్యుని యొద్ద కలదు. ఆలస్యము మాత్రము పనికిరాదు.

మాచవరమున ఒక మిరపరైతు ఇంట పిల్లి యున్నదనుకొందము. ఆ యింట ఎనిమిదవ తరగతి చదువు బాలిక యొకతె వేసవి సెలవులలో ప్రతిదినము ఆ పిల్లి ఊపిరి లెక్కించి పాతపుస్తకపు చివరిపుటలో వ్రాసికొనుచున్నది. 22, 20, 24, 22 – ఇట్లు పది దినములు గడచినవి. పదునొకండవనాడు 38 వచ్చినది. మరునాటి వేకువను 46. పిల్లి పడుకొనక, మోచేతులు రొమ్మునకు దూరముగ పెట్టి కూర్చున్నది.

“నాయనమ్మా! పిల్లి యెందుకో ఎగరోజుచున్నది” అని బాలిక పిలిచినది.

“గొంతులో వెండ్రుకలు చుట్టుకొనియుండునమ్మా. కొంచెము ఆముదము పోయుదము, కక్కివేయును” అని ముసలామె గిన్నె తెచ్చినది.

“దగ్గుట లేదు, నాయనమ్మా. డొక్క చూడుము. మొన్నటివరకు అరనిమిషమునకు పదునొకటి. నేడు ఇరువదిమూడు. గాలి విడుచునప్పుడు కూడ కడుపు బిగించుచున్నది.”

ముసలామె వంగి చూచినది. ఆమెకు గడియారముతో పని లేదు కాని, ఆ యింట పుట్టిపెరిగిన గేదెలను, దూడలను చూచిన కన్ను అది. గిన్నె ప్రక్కన పెట్టి, “ఎండ ముదరకముందే డాక్టరుగారి యొద్దకు పొమ్మని మీ నాయనతో చెప్పుము. గట్టిగ పట్టుకొనవద్దు” అన్నది.

ఆముదము పోయకుండుట మేలైనది. ఊపిరికై పెనుగులాడు జంతువు నోట పోసిన నూనె కడుపులోనికి పోక ఊపిరితిత్తులలోనికి దిగవచ్చును. గట్టిగ పట్టుకొనవద్దనుటయు తెలివైన మాటయే. అట్టి పిల్లికి మిగిలియున్న బలమంతయు ఊపిరికే సరిపోవును. పెనుగులాటకు ఖర్చుపెట్టినచో ఆ పెనుగులాటలోనే ప్రాణము పోవచ్చును. గాలి చొరబడు గంపలో, పైన పలుచని గుడ్డ కప్పి, సద్దు లేకుండ కొనిపోవలెను.

అట్టి పిల్లిని చూచిన పశువైద్యుడు మొదట దానిని తాకక, దూరమునుండి చూచును. వడిగ, పైపైన ఊపిరి తీయుచున్నచో ఊపిరితిత్తుల చుట్టు నీరు చేరినదేమో యని అనుమానించును. మెల్లగ, లోతుగ, శబ్దముతో తీయుచున్నచో గొంతులోనో ముక్కులోనో అడ్డున్నదని తలచును. విడుచుటకే కష్టపడుచున్నచో ఉబ్బసమువైపు చూచును. తరువాత పెదవి ఎత్తి చిగురు రంగు చూచును. గులాబిరంగు క్షేమము; తెలుపు రక్తహీనతకు గుర్తు; నీలము ఆమ్లజని చాలకుండుటకు గుర్తు. నీలమువరకు వచ్చినదనగా కాలము మించిపోవుచున్నదని అర్థము. పిదప స్టెతస్కోపుతో వినును. రొమ్ము అడుగుభాగమున శబ్దము వినబడనిచో, సన్నని సూదితో అచ్చటి నీటిని తీసినంతనే పిల్లి ఊపిరి తేలికపడుట కలదు. ఆ నీరు గుండెజబ్బు వలన వచ్చినదా, చీమా, మరియొకటా యని పిమ్మట తేల్చవలసియుండును. చిన్న వైద్యశాలలలో సాధ్యముకాని పరీక్షలకు గన్నవరము పశువైద్య కళాశాల వంటి చోట్లకు పంపుదురు. ఏ వైద్యుడైనను ఆ బాలిక వ్రాసిన పుటను చూచి సంతసించును. ఏలయన, వైద్యశాలలో పిల్లి భయపడును. భయముచే ఊపిరి పెరుగును. అచ్చట తీసిన లెక్కలో రోగమెంతయో, భయమెంతయో విడదీయుట కష్టము. ఇంటిలో, నిద్రలో తీసిన లెక్కకు ఆ చిక్కు లేదు.

అయినను ఊపిరి యొక్కటియే చాలునా? ఈ ప్రశ్నకై మన తెలుగునేలమీదనే ఒకప్పుడు గొప్ప వివాదము జరిగినది. దాని కథ కొంత విపులముగ చెప్పదగినది.

1847 నవంబరులో ఎడింబరో నగరమున జేమ్స్ సింప్సన్ అను వైద్యుడు క్లోరోఫారమును మత్తుమందుగ ప్రవేశపెట్టెను. శస్త్రచికిత్సలో నొప్పి లేకుండుట లోకమునకు వరమైనది. మూడు మాసములైనను పూర్తిగ గడవకమునుపే, 1848 జనవరి 28వ తేదీన, ఇంగ్లండులో న్యూకాజిల్ సమీపమున హన్నా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక, కాలిగోరు తీయుటకై క్లోరోఫారము ఈయగా, కొద్ది నిమిషములలో మరణించినది. ప్రాణమునకు ముప్పులేని చిన్న చికిత్స యది. తరువాత అట్టి మరణములు అచ్చటచ్చట జరుగుచునే వచ్చినవి. క్లోరోఫారము మొదట ఆపునది ఊపిరినా, గుండెనా? మత్తు ఇచ్చువాడు దేనిని కనిపెట్టవలెను? లండను వైద్యులు నాడిని చూడవలెననిరి. ఎడింబరోలో సైమ్ అను శస్త్రవైద్యుని శిష్యులు ఊపిరినే చూడవలెననిరి.

సైమ్ శిష్యులలో ఒకడగు ఎడ్వర్డ్ లారీ హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగ నుండెను. ఆరవ నిజామగు మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వము ధనసహాయము చేయగా, 1888లో హైదరాబాదు క్లోరోఫారము కమిషను ఏర్పడినది. కుక్కలకు క్లోరోఫారమిచ్చి చూడగా, ప్రతిదానికిని ముందు ఊపిరి ఆగి, పిమ్మటనే గుండె ఆగినదని అది ప్రకటించెను. లండనులోని ‘లాన్సెట్’ పత్రిక ఒప్పుకొనలేదు. అప్పుడు నిజాము వేయి పౌనులు ఇచ్చి, మీకు నమ్మకమున్న శాస్త్రజ్ఞుని మీరే పంపుడని కోరెను. లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధవైద్యుడు వచ్చెను. 1889లో రెండవ కమిషను వందలకొలది జంతువులపై పరీక్షలు జరిపినది. ఫలితము మునుపటిదియే. బ్రంటనును లారీ పక్షమునే వహించెను. హైదరాబాదులో వైద్యము చదివి, క్లోరోఫారము ఇచ్చుటలో నేర్పు గడించిన రూపాబాయి ఫర్దూన్‌జీ, ప్రపంచమున తొలి మహిళా మత్తువైద్యులలో ఒకతెగ నేడు పేరొందినది ఆ కాలపు కృషిచేతనే.

లారీ ఉపదేశములో సగము నిజము. క్లోరోఫారము మోతాదు మించినప్పుడు మొదట తగ్గునది ఊపిరి. దానిని కంటితో చూచుచున్నవాడు సకాలమున గుడ్డ తీసివేయగలడు. ఆ విధమున హైదరాబాదు ఉపదేశము పెక్కు ప్రాణములను కాపాడియుండును. కాని ఆయన అంతటితో ఆగలేదు. ఊపిరిని చూచుచున్నచో చాలును, నాడిని చూడనక్కరయే లేదనెను. అచ్చట తప్పు జరిగినది. హన్నా గ్రీనర్‌వంటివారు మరణించినది అధికమగు మోతాదుచే కాదు; మత్తు ఇంకను లోతుగ పట్టకముందే. హైదరాబాదు కుక్కలకు మత్తు పూర్తిగ పట్టించి చూచిరి కాని, అరకొర మత్తును అంత శ్రద్ధగ పరీక్షింపలేదు.

ఆ రహస్యమును బయటపెట్టినది పిల్లులు. 1911లో లండనులో గుడ్‌మన్ లెవీ అను వైద్యుడు పిల్లులకు తేలికగ క్లోరోఫారమిచ్చి పరీక్షించెను. భయము, ఉద్రేకము కలిగినప్పుడు శరీరమున పుట్టు ఎడ్రినలిన్ అను రసమును ఆ స్థితిలో ఎక్కించినచో, పిల్లి గుండె ఒక్కసారిగ క్రమము తప్పి, కొట్టుకొనుట మాని, గాలిలోని ఆకువలె అదరనారంభించును. అదరు గుండె రక్తమును పంపదు. ఇచ్చట గుండె ముందు, ఊపిరి వెనుక. మత్తునకు భయపడి పెనుగులాడిన మనుష్యులు హఠాత్తుగ మరణించుటకు కారణము ఇట్లు తెలిసినది. అప్పటికి హన్నా గ్రీనర్ మరణించి అరువదిమూడేండ్లు గడచినవి. హైదరాబాదు వాదము వీగిపోయినది; క్రమముగ క్లోరోఫారము వాడుకయు పోయినది.

నేడు పిల్లికి శస్త్రచికిత్స చేయుచోట ఇద్దరి వాదములకును చోటు దొరకినది. మత్తువాయువు పీల్చు గొట్టమునకు తగిలించిన రబ్బరుతిత్తి ఉబ్బుట, తగ్గుట చూచి ఒకరు ఊపిరిని లెక్కించుచుందురు. గుండె కొట్టుకొను తీరును యంత్రము గీతలుగ చూపుచుండును. జపానుదేశపు తకువో ఆవోయగి 1974లో వెల్లడించిన సూత్రముపై పనిచేయు చిన్న పట్టుకఱ్ఱను పిల్లి నాలుకకు తగిలింతురు. అది నాలుకలోనుండి వెలుతురును పంపి, రక్తములో ఆమ్లజని యెంతయున్నదో అంకెలలో చెప్పును. చికిత్స ముగిసి, గొట్టము తీసి, పిల్లిని ప్రక్కకు పరుండబెట్టిన పిమ్మట యంత్రములన్నియు తొలగింపబడును. మెలకువ వచ్చువరకు దాని చెంత కూర్చుండువాడు మరల చూచునది ఆ డొక్కనే. చేతిలో నుండునది గడియారమే.